తడవని ఈత

ఈత రాని ఉద్యోగులెవరూ పడవ ఎక్కకూడదని ఉత్తర్వు వచ్చిన రోజున, మా ఆరోగ్యశాఖ కార్యాలయం మొత్తం మీద ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరని రికార్డుల్లో తేలింది. రికార్డులు రాసేది నేనే. పేరు మండపాక సత్యానందం, హోదా సీనియర్ అసిస్టెంటు.

ఉత్తర్వుకి కారణం చిన్నదే. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి గుమ్మడిలంక రేవులో పడవ దిగుతూ కాలు జారి, మోకాలి లోతు నీళ్ళలో కూర్చుండిపోయారు. లేచాక, నవ్వినవాళ్ళ పేర్లు అడిగారు. ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కుండా ఉద్యోగుల ప్రాణరక్షణ మీద ఉత్తర్వు వచ్చింది.

గుమ్మడిలంక అంటే గోదావరి పాయకి అవతల ఉన్న ఊరు. నూట ఎనభై గడప. వంతెన లేదు, పడవే దిక్కు. మా ఆఫీసులో పడవతో పని ఉన్న మనిషి నిజానికి ఒక్కతే, పెయ్యల సువార్త. నలభై ఏళ్ళ నర్సమ్మ. పదమూడేళ్ళుగా బుధవారం, శనివారం టీకాల పెట్టె భుజాన వేసుకుని లంకకి వెళ్ళొస్తోంది. ఆవిడకి నీళ్ళంటే మహా భయం. పడవలో మధ్య బల్ల మీద కూర్చుని, అవతలి గట్టు వచ్చేదాకా పెట్టె మూత వంకే చూసేది. పదమూడేళ్ళలో గోదావరి ఎలా ఉంటుందో ఆవిడ సరిగ్గా చూడనే లేదు.

ఉత్తర్వు చేతిలో పెట్టగానే, "అయితే ఈత నేర్చుకుంటానండి" అంది.

ఇక్కడే మా స్పెషల్ ఆఫీసరు గరిమెళ్ళ సర్వోత్తమరావుగారు అడ్డుపడ్డారు. ఆయన అప్పుడే రాజధానిలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. ఆ సదస్సులో ఆయనకి సంచీ, డైరీ, ఒక నమ్మకం ఇచ్చి పంపారు.

"అలా హఠాత్తుగా నేర్చేసుకోవడానికి ఇదేమన్నా ఇల్లామ్మా?" అన్నారాయన. "ఏ నైపుణ్యమైనా నేర్చుకునే ముందు నేర్చుకోవడానికి సిద్ధపడాలి. సిద్ధపడే ముందు ప్రణాళిక కావాలి. ప్రణాళిక వేసే ముందు వాతావరణం కల్పించాలి. నేర్చుకోవడం ఎవరైనా నేర్చుకుంటారు. సన్నద్ధతే అసలు విద్య."

నేను రాసుకున్నాను. ఆయన మాట్లాడితే రాసుకోవడం నా అలవాటు.

పది రోజుల్లో 'నైపుణ్య పూర్వ సన్నద్ధతా విభాగం' ఏర్పడింది. గోడకి బోర్డు, బోర్డుకి పూలదండ, నూట ఎనభై పేజీల మార్గదర్శకాలు. నాలుగో నిబంధన ముఖ్యమైనది: 'సన్నద్ధతా పత్రం పొందని ఉద్యోగి ఎవరూ నేర్చుకునే ఉద్దేశంతో నీటిని తాకరాదు.'

దీని మీద వెంటనే సందేహాలు వచ్చాయి. స్నానం సంగతేమిటని అకౌంట్స్ సెక్షను వాళ్ళు లిఖితపూర్వకంగా అడిగారు. సర్వోత్తమరావుగారు రెండు రోజులు ఆలోచించి వివరణ ఇచ్చారు. 'శుభ్రత నిమిత్తం రెండు బకెట్ల వరకు అనుమతింపబడును. స్నాన సమయమున చేతులు, కాళ్ళు లయబద్ధంగా ఆడించరాదు.'

మొదటి దశ లక్ష్య పత్రం. ఎందుకు ఈత నేర్చుకోవాలనుకుంటున్నారో మూడు వందల మాటలకి తగ్గకుండా రాయాలి. సువార్త రెండు మాటలు రాసింది: 'అవతలికి వెళ్ళాలి.'

సర్వోత్తమరావుగారు పిలిపించారు.

"ఇదేమిటమ్మా? ఇందులో స్వల్పకాలిక లక్ష్యం ఏదీ?"

"రేవులో దిగడమండి."

"మధ్యకాలికం?"

"ఏటి మధ్యకి వెళ్ళడం."

"మరి దీర్ఘకాలికం?"

"అవతలి గట్టండి."

ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. వెటకారం దొరకలేదు. "స్పష్టత ఉంది కానీ విస్తృతి లేదు" అని రాసి, పత్రం వెనక్కి పంపారు. విస్తృతి నేను కూర్చాను. అందులో 'జలసాధికారత' అన్న మాట పదకొండు సార్లు పడింది. పత్రం అంగీకరించబడింది.

రెండో దశ వనరుల సమీకరణ. రబ్బరు టోపీలు, ఈత కళ్ళద్దాలు తెప్పించి బీరువాలో పెట్టి లక్క సీలు వేశాం. మూడో దశ పొడి సాధన. మీటింగు హాల్లో బల్లల మీద బోర్లా పడుకుని గాలిలో చేతులు బారలు చాచాలి. పద్నాలుగు మంది ఒకేసారి బారలు వేస్తుంటే ఫ్యాను గాలి కూడా అక్కర్లేకపోయేది. నాలుగో రోజున రికార్డు అసిస్టెంటు ఒకాయన బల్ల మీంచి పడి మోచెయ్యి కొట్టుకున్నాడు. దాంతో సాధన ఆపేసి, బల్ల ఎక్కడానికి విడిగా ఒక సన్నద్ధత అవసరమని తీర్మానించాం. అది వారం పట్టింది.

తరవాత నగరం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన అందరి ముందూ తలో గాజు గ్లాసు నీళ్ళు పెట్టించి, "ఇప్పుడు ఈ నీటిని చూడండి. దీంతో మానసిక సంబంధం పెంచుకోండి. తొందరపడకండి" అని కళ్ళు మూసుకున్నాడు.

ఫిబ్రవరి నెలాఖరు ఎండ. సువార్త పొద్దున్నుంచీ ఫీల్డులో తిరిగి వచ్చింది. గ్లాసుని అర నిమిషం చూసి, ఎత్తి గటగటా తాగేసింది.

శిక్షణా సామగ్రిని తాగినందుకు ఆవిడకి మెమో ఇచ్చాం.

ఈలోగా లంకకి నాలుగు బుధవారాలు, నాలుగు శనివారాలు టీకాలు వెళ్ళలేదు. అయిదో బుధవారం ఉదయం రేవులో పడవ నడిపే మల్లాడి నూకరత్నం ఆఫీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి, బొంగురు గొంతు. తిన్నగా సర్వోత్తమరావుగారి గదిలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, మా నర్సమ్మని ఎందుకండీ పంపట్లేదు? చంటిపిల్లలు తొమ్మండుగురు ఉన్నారు సూదులకి. మా పక్కింటి పావనికి తొమ్మిదో నెలొచ్చేసింది. కాళ్ళు పొంగి చెప్పులు పట్టట్లేదు. చూసే దిక్కు లేదు."

"ఆమె సన్నద్ధమవుతున్నారమ్మా" అన్నారాయన మర్యాదగానే.

"దేనికండీ?"

"ఈత నేర్చుకోవడానికి."

"నేర్చుకుంటందా?"

"లేదు. సిద్ధపడుతున్నారు."

నూకరత్నం నా వైపు తిరిగింది. నేను ఫైలు వైపు తిరిగాను. లంకవాసుల ఆవేదన సమావేశపు మినిట్సులో నమోదు చేశాం. అంతకన్నా ఏం చేయగలమో మాకు తోచలేదు.

మెట్ల దగ్గర సువార్త ఆమెని పట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తరవాత సువార్తే నాకు చెప్పింది.

"నాకు నేర్పుతావా, రత్నమ్మా?"

"రేపు పొద్దున్నే రా."

"ముందు నేనేం తయారవ్వాలి?"

"చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగు. అంతే."

మర్నాడు తెల్లవారగానే దిగింది. మొల లోతు రాగానే గట్టిగా ఏడ్చేసిందట. నూకరత్నం ఏమీ ఓదార్చలేదు. నడుముకి ఖాళీ నూనె డబ్బా కట్టి, గడ్డం కింద అరచెయ్యి పెట్టి, "ఏడుస్తానే కాళ్ళాడించు" అంది. మూడో రోజు నీళ్ళు మింగింది. అయిదో రోజు తిట్టుకుంది. ఏడో రోజు నూకరత్నం చెప్పకుండా చెయ్యి తీసేసింది. సువార్త మునగలేదు. తొమ్మిదో రోజు డబ్బా విప్పేసి పాతిక గజాలు వెళ్ళొచ్చి, గట్టు మీద కూర్చుని మొదటిసారి గోదావరిని తలెత్తి చూసింది. "ఇంత బాగుంటదా ఇది?" అందట.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి వచ్చి చెప్పింది. "సార్, నాకు ఈత వచ్చిందండి. ఇంక పడవ ఎక్కనివ్వండి."

సర్వోత్తమరావుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"రావడానికి వీల్లేదమ్మా."

"వచ్చిందండి."

"సన్నద్ధత లేనిదే నేర్చుకోవడం జరగదు. మీరింకా మూడో దశలో ఉన్నారు. కాబట్టి మీరు నేర్చుకోలేదు. నేర్చుకోలేదు కాబట్టి మీకు రాదు."

"పోనీ వచ్చి చూడండి, ఈది చూపిస్తాను."

"అది ఇంకా ప్రమాదం. రాని విద్యని ప్రదర్శించడం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుంది." ఆయన చెడ్డవాడు కాదు, దారి వెతుకుతున్నారు. "ఒక పని చేద్దాం. మీకు పదిహేను రోజులు గడువిస్తాను. మరిచిపోండి. మరిచిపోయాక పద్ధతి ప్రకారం మొదలుపెడదాం."

"ఎలా మరిచిపోవాలండి?"

"దానికో ప్రణాళిక వేద్దాం" అని నా వైపు చూశారు. నేను కొత్త ఫైలు తెరిచాను.

సువార్త బయటికి వచ్చి, నా బల్ల దగ్గర నిలబడి, అసలు ఉత్తర్వు కాపీ ఒకటి అడిగింది. ఇచ్చాను. వేలు పెట్టి చదువుకుంది.

"సత్యానందంగారండీ, ఇందులో పడవ ఎక్కకూడదనే ఉంది కదండీ?"

"అవును."

"ఏరు దాటకూడదని లేదుగా?"

నేను ఉత్తర్వు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివాను. లేదు.

తరవాతి బుధవారం టీకాల పెట్టె పడవెక్కింది. చెప్పులు, పొడి చీర, బీపీ మిషను ఉన్న సంచీ కూడా ఎక్కాయి. సువార్త మటుకు ఎక్కలేదు. నూకరత్నం పడవని నెమ్మదిగా తోస్తుంటే, ఆవిడ పక్కనే ఈదుకుంటూ వెళ్ళింది. వేసవికి సన్నబడ్డ పాయ, నూట యాభై గజాలు. నిలువు లోతు ఉన్నది మధ్యలో అరవై గజాలే. పడవకి చెయ్యి తగులుతుందేమో చూసి రిపోర్టు ఇమ్మని నన్ను గట్టు మీద నిలబెట్టారు.

తగల్లేదు. ఆవిడ అవతలి రేవులో లేచి, జుట్టు పిండుకుని, పెట్టె భుజాన వేసుకుని ఊళ్ళోకి పోయింది. నేను టైము రాసుకుని, అక్కడే ఉన్న టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాను.

గంట గడవక ముందే ఆవిడ నుంచి ఫోను.

"సత్యానందంగారండీ, పావనికి బీపీ నూట డెబ్బై ఉంది. కళ్ళు మసకలంటంది. తీసుకొచ్చేస్తున్నాను. అంబులెన్సుకి చెప్పేశాను, రేవు దాకా రమ్మనండి. దారి మీరు చూపించండి."

ఆఫీసు ఉద్యోగి కాదు కాబట్టి పావని పడవ ఎక్కొచ్చు. ఆమె భర్త, అత్త ఎక్కొచ్చు. సువార్త ఎక్కకూడదు. మంచం మీద వేసిన బొంతతో సహా పావనిని పడవలో పడుకోబెట్టారు. సువార్త మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

మధ్యాహ్నం గాలి లేచింది. అల చిన్నదే గానీ ఎదురు అల. పావని ఒక చెయ్యి పడవ అంచు మీంచి వేలాడేసి ఉంది. సువార్త ఆ చేతి పక్కనే ఈదుతూ, తల ఎత్తినప్పుడల్లా మాట్లాడుతోంది. "పావనీ, నన్ను చూడు. నిద్రపోకు. పిల్లకి ఏం పేరు పెడతావ్?" మాట మాటకి మధ్య ఊపిరి తెగుతోంది. ఏటి మధ్యకి వచ్చేసరికి బారలు చిన్నవైపోయాయి. తల ఒకసారి మునిగింది. తేలింది. మళ్ళీ మునిగింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాకు ఈత వచ్చు. మూడో తరగతిలో కాలవలో నేర్చుకున్నాను. ఆ ముక్క ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ఇంతదాకా మీకూ చెప్పలేదు. రికార్డులో రాయలేదు, ఎందుకంటే రాస్తే నన్ను లంక డ్యూటీకి వేస్తారు. ఆ రోజు ఫైలు గుండెకి హత్తుకుని నిలబడ్డాను. చెప్పులు నీళ్ళలోకి పోయేదాకా ముందుకి వెళ్ళాను. అంతకన్నా వెళ్ళలేదు.

పావని చెయ్యి కిందికి దిగి సువార్త మణికట్టు పట్టుకుంది. సువార్త రెండో చేత్తో పడవ అంచు పట్టుకుంది. అలాగే ఇవతలి గట్టుకి వచ్చారు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆరింటికి పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అందిట.

నేను రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. 'సదరు ఉద్యోగిని పడవను తాకిందా?' అన్న గడి ముందు కలం చాలాసేపు ఆగింది. చివరికి రాశాను: 'ఎండ నీళ్ళ మీద పడి మెరియుచున్నందున స్పష్టముగా కనబడలేదు.' ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అని చెప్పను గానీ, సిగ్గుపడనిది మాత్రం అదే.

అయినా మెమో తప్పలేదు. సన్నద్ధత లేకుండా ఈదినందుకు, అందునా రెండు సార్లు ఈదినందుకు, సంజాయిషీ కోరుతూ మెమో తయారైంది. నిబంధన ప్రకారం దాన్ని ఉద్యోగి పనిచేసే చోటనే, శాఖ మనిషే స్వయంగా అందజేయాలి. పనిచేసే చోటు లంక. లంకకి వెళ్ళాలంటే పడవ ఎక్కాలి. పడవ ఎక్కే అర్హత మాలో ఎవరికీ లేదు. ఈదే అర్హత అంతకన్నా లేదు.

సర్వోత్తమరావుగారు ఒక పూటంతా ఆలోచించి, ఏరు దాటగల ఏకైక సిబ్బంది సువార్తే కాబట్టి, సువార్తకి మెమో అందజేసే బాధ్యత సువార్తకే అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. మెమోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆవిడ చేతికిచ్చాను. చదివి, "సరేనండి, ప్రయత్నిస్తాను" అంది. అప్పటికి ఆవిడ నడుముకి మళ్ళీ డబ్బా కట్టుకునే ఈదుతోంది, నూకరత్నం గట్టిగా తిట్టాక.

మొదటి నివేదిక వచ్చింది: 'ఉదయం తొమ్మిది గంటలకు గుమ్మడిలంక చేరితిని. సదరు ఉద్యోగిని పిల్లలకు టీకాలు వేయుచున్నందున మెమో ఇచ్చుటకు వీలుపడలేదు.'

రెండోది: 'సదరు ఉద్యోగిని గర్భిణుల ఇళ్ళకు వెళ్ళినది. సాయంత్రం వరకు ఆమె వెంటే తిరిగితిని. తీరిక దొరకలేదు.'

మూడోది: 'సదరు ఉద్యోగిని ఎదురుపడినది. మెమో చదివి నవ్వినది. నవ్వును సంజాయిషీగా స్వీకరింపవచ్చునా లేదా అన్నది పై అధికారులు నిర్ణయించగలరు.'

మూడో నివేదిక చదివాక సర్వోత్తమరావుగారు తలుపు మూయించారు. నన్ను కూర్చోమన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఒక అధికారి నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"సత్యానందం, నేను సంగీతం నేర్చుకుందామని శ్రుతిపెట్టె కొన్నాను. చాప కొన్నాను. రాగాల పట్టిక గోడకి అంటించాను. దినచర్య వేసుకున్నాను. పదకొండేళ్ళైంది. ఇంతవరకు 'స' అనలేదు."

నేను రాసుకోలేదు.

"ఆవిడ ఎన్ని రోజుల్లో నేర్చుకుంది?"

"తొమ్మిదండి."

"మొదట్లో ఏడ్చిందట, నిజమేనా?"

"ఏడ్చిందటండి."

"ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ'లో ఏదో ఉంది.

మర్నాడు తెల్లవారి ఆరింటికి రేవు దగ్గరికి రమ్మని కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి ఆయన ప్యాంటు తీసేసి పంచె గోచీ పోసుకుని, మెడలో ఈత కళ్ళద్దాలు వేలాడేసుకుని, మొల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. నూకరత్నం ఒక పక్క, సువార్త ఒక పక్క.

"ముందుగా ఊపిరి ఎన్ని లెక్కలు పట్టాలి? మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంచాలి?" అని అడుగుతున్నారు.

"పడుకోండి" అంది నూకరత్నం.

"ఎక్కడ?"

"నీళ్ళ మీదండీ, ఇంకెక్కడ."

ఆయన ఇంకో ప్రశ్న వేయబోయి వెనక్కి అడుగేశారు. అక్కడ గుంట ఉంది. ప్రశ్నతో సహా మునిగిపోయారు. ఆడవాళ్ళిద్దరూ అందుకునే లోపు ఏటి వాలు ఆయన్ని పక్కకి లాగింది. ఈసారి నేను గట్టు మీద నిలబడలేకపోయాను. చొక్కాతోనే దూకి, నాలుగు బారల్లో చేరి, జుట్టు పట్టుకుని పైకి లాగాను.

ఆయన దగ్గి, ఉమ్మి, కళ్ళు తెరిచి నన్ను చూశారు.

"నీకు ఈత వచ్చా?"

"వచ్చండి."

"ఎప్పట్నుంచి?"

"మూడో తరగతి నుంచండి."

"చెప్పలేదేం?"

"ఫారంలో ఆ గడి లేదండి."

కోప్పడతారనుకున్నాను. సువార్త ఫక్కున నవ్వింది. నూకరత్నం నవ్వింది. చివరికి ఆయనా నవ్వి, మళ్ళీ నీళ్ళు మింగారు.

మూడు వారాలు పట్టింది ఆయనకి. కప్పలా ఈదుతారు గానీ, ఈదుతారు. ఆ నెలాఖరున సవరణ ఉత్తర్వు వచ్చింది: ఈత వచ్చిన ఉద్యోగులు, అది ఎలా వచ్చిందన్న దానితో నిమిత్తం లేకుండా, పడవ ఎక్కవచ్చును. విభాగం మాత్రం ఎత్తేయలేదు. దాన్ని సైకిలు నేర్చుకోబోయేవాళ్ళకి బదలాయించారు. బోర్డు ఉంది కదా.

మిగిలింది సువార్త మీద విచారణ. పెట్టిన ఫైలు ముగించకుండా ఉండకూడదు కాబట్టి, విచారణాధికారిగా సర్వోత్తమరావుగారు, రాసుకునేందుకు నేను, మే నెలలో ఒక బుధవారం పడవెక్కి లంకకి వెళ్ళాం. సువార్త పావని ఇంటి అరుగు మీద పిల్లలకి టీకాలు వేస్తోంది. ఆయన పక్కన కుర్చీ వేయించుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"మీ మీద మోపబడిన ఒకటో అభియోగం..."

"ఒక్క నిమిషం సార్, దీన్ని పట్టుకోండి" అంది సువార్త.

నెలన్నర పిల్లని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. పావని కూతురు. నూకరత్నం పెట్టిన ముద్దుపేరు బారమ్మ.

సర్వోత్తమరావుగారు కొయ్యబారిపోయారు. "నేనెప్పుడూ... ఎలా పట్టుకోవాలి? తల కింద చెయ్యి ముందు పెట్టాలా, నడుము కింద ముందా?"

"పట్టేసుకున్నారుగా" అంది పావని.

నిజమే, పట్టేసుకున్నారు. సువార్త ఆ బుల్లి తొడలో సూది దించింది. పిల్ల ఒక్కసారి కెవ్వుమని, ఊపిరి బిగబట్టి, ఆయన ఒళ్ళో ఉన్న ఫైలు మీద ధారగా పోసింది. మెమో, మూడు నివేదికలు, అభియోగ పత్రం, అన్నీ తడిసి సిరా కలిసిపోయాయి. నేను లాగబోతే ఆయన వద్దని తల ఊపారు. పిల్ల ఏడుపు ఆపేదాకా కదలకుండా కూర్చున్నారు.

"రాసుకో సత్యానందం" అన్నారు, పిల్ల వీపు తడుతూ. "సదరు దస్త్రం జలప్రమాదంలో పూర్తిగా నష్టపోయినందున, విచారణ ఇంతటితో ముగిసినది."